తెర వెనుక పదిహేడో నంబరు

పోయిన వారం మాస్టారిని నోటీసు బోర్డు ముందు వదిలి వచ్చాం. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. పిల్లలు ఆయన భుజాల మీదుగా, చేతుల సందుల్లోంచి తలలు దూర్చి జాబితా చూసుకున్నారు. కొందరు గంతులేశారు, కొందరు మూతులు ముడుచుకుని వెళ్లిపోయారు. మాస్టారు మాత్రం కదల్లేదు.

విశ్వవిద్యాలయంలో సంగీతం చదివే పిల్లలకు పెద్ద వాద్యబృందంలో కుర్చీ దొరకడమంటే మాటలు కాదు. ఈ ఏడు వయొలిన్ల వరుసలో ఖాళీ అయినవి ఆరు కుర్చీలు. పోటీపడినవాళ్లు ఇరవై ఆరుగురు. వాయించేది ఎవరో తెలియకుండా హాలు మధ్యలో నల్లటి తెర కడతారు. అవతల పిల్లలు, ఇవతల ముగ్గురు పరీక్షకులు. అడుగుల చప్పుడును బట్టి ఎవరూ ఆనవాలు పట్టకుండా నేల మీద దళసరి తివాచీ పరుస్తారు. పేర్లుండవు, నంబర్లే. పిల్లలు నోరు విప్పకూడదు, గొంతు కూడా సవరించుకోకూడదు. ఆ ముగ్గురు పరీక్షకుల్లో మాస్టారు ఒకరు. తన కూతురు చిట్టి కూడా పోటీలో ఉంది కనుక తనను తప్పించమని బృందాన్ని నడిపే పెద్దాయన్ను ఆయన ముందే అడిగారు. "తెర ఉందిగా మాస్టారూ, ఇంకేం భయం?" అని పెద్దాయన కొట్టిపారేశారు.

భయం పదిహేడో నంబరు దగ్గర వచ్చింది. వాయించబోయే ముందు ఆ నంబరు వాళ్లెవరో ఎడమచేతి బొటనవేలితో మంద్రం తీగను ఒక్కసారి, చెవిలో రహస్యం చెప్పినంత మెల్లగా మీటారు. అది చిట్టి అలవాటు. దాని ఆరో ఏట మాస్టారే నేర్పారు. వాద్యాన్ని అడక్కుండా ముట్టుకోకూడదని, ఆ తీగ మీటి ముందు అనుమతి తీసుకోవాలని. ఆయనకు ఆయన గురువుగారు నేర్పిన పద్ధతి. ఆ తరవాత తెర వెనుక నుంచి వచ్చిన సంగీతానికి ఆయన ఒళ్లు జలదరించింది. యాభైకి నలభై ఆరు వేయబోయారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, నా చెవి మొగ్గుతోందేమో అని జంకారు. దేవుణ్ణి తలుచుకుని అయిదు కోసి నలభై ఒకటి వేశారు. కూతురికి కాస్త అన్యాయం జరిగినా ఫరవాలేదు, పరాయి పిల్లలకు జరగకూడదనుకున్నారు.

తీరా చూస్తే బోర్డు మీద ఆఖరి కుర్చీ చిట్టిదే. పేరు పక్కన నంబరు ఇరవై రెండు. ముగ్గురూ వేసినవి కలిపి నూట ఇరవై నాలుగు. దాని కింద ఒక గీత. గీత కింద, కుర్చీ దొరకనివాళ్ల పేర్లు బయటపెట్టకుండా ఉత్త నంబర్లు. వాటిలో మొట్టమొదటిది పదిహేడు. నూట ఇరవై రెండు.

తేడా రెండు మార్కులు. ఆయన కోసినవి అయిదు.

మరి పదిహేడో నంబరు ఎవరు?

ఆ ప్రశ్నను వెంటేసుకునే మాస్టారు ఆ రాత్రి గడిపి, మర్నాడు పొద్దున తన గదికి వచ్చారు. పొడుగ్గా, ఇరుగ్గా, పెట్టెలా ఉండే గది. చప్పుడు బయటకు పోకుండా గోడలకు మెత్తలు కొట్టారు. కిటికీ పక్కన నోట్సు పెట్టుకునే స్టాండ్లు మూడు, అందులో ఒకదానికి మర లేదు, దారంతో కట్టి నిలబెట్టారు. బల్ల మీద కమానుకు రాసే రోజిన్ ముక్క, దాని తెల్లటి పొడి అన్నిటి మీదా. కూర్చోబోతుంటే తలుపు మీద చప్పుడైంది.

"సార్, రావచ్చా?"

విభాగంలో అందరూ సూది అని పిలిచే అమ్మాయి. గేటుకు ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ కూతురు. ఆ పేరు రావడానికి అదొక కారణం. ఎక్కడ ఇరుకు దొరికితే అక్కడ దూరి సాధన చేసుకుంటుందన్నది ఇంకో కారణం. మాస్టారి దగ్గర చదవలేదు, పక్కగది టీచరుగారి శిష్యురాలు. చిట్టికీ ఈ పిల్లకూ మాత్రం ఒకే కంచం, ఒకే మంచం. నాలుగో నంబరు సాధన గది ఇద్దరిదీ.

"రా అమ్మా, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలికి నమ్మకం లేదు."

"మా ఇంట్లో కుర్చీలన్నీ అంతే సార్. ఎలా కూర్చుంటే పడమో నాకు తెలుసు" అని ఆ అమ్మాయి ఆ కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. సంచిలోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "మీ సంతకం కావాలి సార్."

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చదివారు. వాద్య శాఖ నుంచి సంగీత శాస్త్ర శాఖకు మారడానికి దరఖాస్తు. కారణం అన్న చోట గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: పెద్ద బృందంలో చోటు దొరకలేదు. కింద గడిలో పరీక్షకుల్లో ఒకరు సంతకం చేయాలి. గడువు రేపు సాయంత్రం నాలుగు గంటలు.

"మిగతా ఇద్దరూ నన్నెరగరు సార్. మీరైతే చిట్టి నాన్నగారు కదా అని..."

"తొందరెందుకమ్మా? వచ్చే ఏడు మళ్లీ పరీక్ష ఉంటుంది."

"నాకు వచ్చే ఏడు ఎక్కడిది సార్? నాది మూడో ఏడు. ఆఖరి ఏడు ఒంటరి కచేరీ ఇవ్వాలంటే దానికి ముందు ఏడాదంతా పెద్ద బృందంలో కూర్చుని ఉండాలి. లేకపోతే వాద్య శాఖలో పట్టా ఇవ్వరు. చిట్టిది రెండో ఏడు కాబట్టి దానికి ఈ భయం లేదు." వెంటనే నాలుక కరుచుకుంది. "దానికి వచ్చినందుకు నాకు సంతోషమే సార్. నిజంగా. నిన్న ఇద్దరం కలిసి గంతులేశాం."

"శాస్త్రం చదివినా తప్పేముందమ్మా?" ఆ మాట ఎంత చప్పగా ఉందో ఆయనకే తెలుస్తోంది.

"తప్పేం లేదు సార్. వంటల పుస్తకం చదవడం కూడా తప్పేం కాదు. ఆకలే తీరదు."

మాస్టారు నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది. పదిహేడు ఈ పిల్లేనా అన్న అనుమానం తొంగిచూసింది. నీ నంబరెంత అని అడిగితే అయిపోయేది. రెండే మాటలు. నాలుక లేవలేదు.

"సార్, ఇంకొకటి అడగాలి." ఫారం మడత విప్పుతూ, మళ్లీ మడుస్తూ అంది. "నేనెక్కడ తప్పు వాయించానో చెబుతారా?"

"నువ్వేది వాయించావో నాకేం తెలుసమ్మా? తెర ఉందిగా."

"అవును కదూ." ఆ అమ్మాయి నవ్వింది. "ఆ తెర మా అమ్మే కుట్టింది సార్. ఒక పొర అయితే వెనక లైటుకి నీడ కనబడుతుందని రెండు పొరలు వేసింది. కుడుతున్నన్నాళ్లూ ఒకటే మాట. 'దీని వెనకాల నువ్వెవరి పిల్లవో ఎవరికీ కనబడదే. వినబడితే చాలు' అని. నాకోసం నల్లబట్ట కూడా కత్తిరించి పెట్టింది, బృందంలో వేసుకోడానికి. ఇప్పుడు దాన్నేం చేయాలో తెలియక మిషను మీద కప్పింది." వయొలిన్ సంచి ఒళ్లోకి లాక్కుని, "అందుకే సార్. ఇప్పుడు వాయిస్తాను. విని చెప్పండి. నాకు నేను ఎన్నిసార్లు వాయించుకున్నా తప్పు దొరకడం లేదు. తప్పేమిటో తెలిస్తే ఏడ్చి ఊరుకుంటాను. తెలియకపోతే రేపటి నుంచి నా చెవినే నేను నమ్మలేను" అంది.

రంగురంగుల గుడ్డముక్కలు అతికి కుట్టిన గవుసెన సంచిలోంచి పెట్టె తీసింది. వయొలిన్ భుజం మీద పెట్టుకుంది. కమాను బిగించింది. మాస్టారి మనసులో ఒకటే ప్రార్థన. స్వామీ, ఈ పిల్ల కాకూడదు. ఎవరైనా ఫరవాలేదు, ఈ పిల్ల మాత్రం కాకూడదు.

ఆ అమ్మాయి కళ్లు మూసుకుంది. ఎడమచేతి బొటనవేలు పక్కకు జరిగి, మంద్రం తీగను ఒక్కసారి, మెల్లగా మీటింది.

తరవాత వాయించింది. ఏం చెప్పాలి? ఆవేళ తెర వెనుక విన్నదే. అదే పట్టు, అదే నిదానం, పై స్వరానికి ఎక్కేటప్పుడు చంటిపిల్లను ఎత్తుకున్నట్టు అదే జాగ్రత్త. మాస్టారి చెవికి తెలియనిదేమీ లేదు. ముప్ఫై ఏళ్లుగా కొన్ని వందల మంది వేళ్లు విన్న చెవి అది. తన మార్కు నలభై ఆరు అని అది ఇప్పుడూ చెప్పింది. నలభై ఆరు కూడా పిసినారితనమేనని చెప్పింది.

వాయించడం ఆగింది. ఆ అమ్మాయి కళ్లు తెరిచి ఆయన కేసి చూసింది.

"ఆ తీగ మీటడం... ఎవరు నేర్పారమ్మా?"

"చిట్టి సార్." సిగ్గుపడింది. "నాకు మొదలుపెట్టే ముందు చేతులు వణుకుతాయి. అలా మీటితే వణుకు పోతుంది, మా నాన్న చెప్పిన కిటుకు అంది. నిజంగానే పోయింది. మిమ్మల్ని అడక్కుండా వాడుకున్నాను. కోపమా సార్?"

"లేదమ్మా."

"అయితే తప్పెక్కడుందో చెప్పండి."

ఇక్కడ మాస్టారు నిజం చెప్పి ఉండవచ్చు. నీలో తప్పు లేదు తల్లీ, తప్పు నాది అంటే చాలు. ఆ మాట ఆయన పెదవుల దాకా వచ్చింది కూడా. ఆ క్షణంలోనే చిట్టి ముఖం కళ్ల ముందు కనబడింది. నిన్న సాయంత్రం అది ఇల్లంతా తిరుగుతూ, చీపురుకట్టను కమానులా ఊపుతూ, వాళ్లమ్మను పట్టుకుని గిరగిరా తిప్పిన తీరు కనబడింది. ఎదురుగా ఈ పిల్ల కళ్లు. మనిషిని రెండు వైపుల నుంచీ పట్టి లాగితే ఏ వైపుకీ పోలేక ఉన్నచోటే చిరుగుతాడు. నిప్పులాంటి మనిషని పేరున్న మాస్టారు, ఏ పిల్లకూ లేని తప్పు అంటగట్టని మాస్టారు, అప్పుడు నోరు తెరిచి ఇలా అన్నారు:

"మూడో వేలు. రెండో వరసలో. వెంట్రుకవాసి తక్కువ పలుకుతోంది."

ఆ అమ్మాయి ఊపిరి వదిలింది. ముఖం విప్పారింది. అదే ఆయన్ను చంపేసింది.

"అమ్మయ్య! అంతేనా సార్? వేలే కదా, దిద్దుకుంటాను. నేనింకా నాకు సంగీతమే లేదేమో అనుకున్నాను." గబగబా చెవి మీది పెన్సిలు తీసింది. బృందాల్లో పెన్ను పట్టుకోవడం పాపం. ఎవరు ఏ గుర్తు పెట్టినా తరవాతివాళ్లు చెరిపేసుకోగలగాలి కనుక అందరిదీ పెన్సిలే. నోట్సు కాగితం మీద మూడో వేలు పడే ప్రతి చోటా చిన్న బాణం గుర్తు వేసుకుంటూ పోయింది, వేలు పైకి జరపాలని. మాస్టారు లెక్కపెట్టారు. పదకొండు బాణాలు. సరిగ్గా ఉన్న పదకొండు స్వరాల మీద.

"ఈ మాట ఎవరితోనూ అనకమ్మా" అన్నారు నీరసంగా. "పరీక్షకులు ఇలా విడిగా చెప్పకూడదు."

"ఒట్టు సార్, చిట్టికి కూడా చెప్పను. సంతకం?"

"ఫారం ఇక్కడ ఉంచు. రేపు చూద్దాం."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించింది. "మీ మేలు మరచిపోను సార్."

అబద్ధం చెప్పినవాడికి తిట్లు దొరికితే కాస్త ఊరట. దణ్ణాలు దొరికితే ఎక్కడ దాచుకోవాలి?

మాస్టారు ఆ ఫారం సంచిలో పెట్టుకుని తిన్నగా పై అంతస్తుకు వెళ్లారు. బృందాన్ని నడిపే ఆయన్ను నిజానికి కండక్టరనాలి. ఒకసారి మాస్టారి అత్తగారు ఆ మాట విని "పాపం, ఇంత చదువూ చదివి ఏ రూటు బస్సో" అని జాలిపడింది. అప్పటి నుంచి ఆయన మాస్టారి ఇంట్లోనూ, క్రమంగా విభాగమంతటా పెద్దాయన అయిపోయారు. సాధన ఉన్న రోజున స్టాండుకు ఒకటి చొప్పున పెన్సిళ్లు తనే చెక్కి పెట్టడం ఆయన అలవాటు. ఆ పనిలోనే ఉన్నారు. బల్ల నిండా పొట్టు.

"పదిహేడో నంబరుకు నేను తక్కువ వేశాను" అన్నారు మాస్టారు, కూర్చోకుండానే.

"వేస్తే వేశారు. మీ చెవి, మీ పెన్సిలు."

"చెవి నలభై ఆరు అంది. చెయ్యి నలభై ఒకటి వేసింది." అని, తీగ మీటిన సంగతి, చిట్టి అనుకున్న సంగతి, అయిదు కోసిన సంగతి మొదలు నుంచి చివరి దాకా చెప్పారు. అంతా విన్నాక పెద్దాయన చేతిలోని చాకు ఆగిపోయింది.

"ఇది నాకెందుకు చెప్పారు మాస్టారూ?"

"ఇంకెవరికి చెప్పను?"

"దేవుడికి చెప్పుకోవాల్సింది."

"చెప్పుకున్నాను. మీ దగ్గరికి పంపాడు."

పెద్దాయనకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే మాస్టారు గొడవపడి బయటపడేవారు.

"మార్కుల కాగితాలు కవర్లో పెట్టి అంటించాం. మార్చాలంటే పరీక్షకుడు కారణం రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కమిటీ కూర్చుంటుంది. మీరేం రాస్తారు? తెర వెనుక ఉన్నది మా అమ్మాయనుకున్నాను అనా? అనుకోడానికి ఆధారమేమిటని అడుగుతారు. తీగ శబ్దమంటారు. అంటే తెర వెనుక మనిషిని పోల్చుకోవచ్చన్నమాట. అప్పుడు మీ అమ్మాయి కుర్చీ పోవడం ఒక్కటే కాదు. నాలుగేళ్ల పరీక్షలూ తిరగేస్తారు. ఆ తెర కట్టించడానికి నేను పదేళ్లు పోట్లాడాను మాస్టారూ! తెర లేని రోజులు మీకు గుర్తులేవా? ఎవరి మేనమామ ఎవరికి ఫోను చేస్తే వాళ్ల మేనకోడలికి ముందు వరుస. ఆ రోజులే బాగున్నాయనేవాళ్లు ఇంకా ఈ భవనంలోనే ఉన్నారు. మీ ఉత్తరం వాళ్ల చేతికి తాళంచెవి."

"అయితే ఆ పిల్ల గతి?"

పెద్దాయన మొన విరిగిన పెన్సిలు ఒకటి తీసి మళ్లీ చెక్కడం మొదలుపెట్టారు.

"ఏడో కుర్చీ వేయించలేరా?"

"వేదిక మీద చోటు లేదు. ఉన్నవాళ్ల మోచేతులే ఒకళ్లవొకళ్లకు తగులుతున్నాయి." తల ఎత్తకుండానే అన్నారు. "మిమ్మల్ని తప్పుకోనివ్వనిది నేనే. నా పాపం కూడా ఉంది ఇందులో. రేపు నాలుగింటి దాకా ఇక్కడే ఉంటాను. కాగితం ఇస్తే కమిటీకి పంపుతాను, ఆపను. ఇవ్వకపోతే మీరివాళ నా గదికి రాలేదు, నేనేమీ వినలేదు. ఇంతకన్నా నా చేతిలో ఏమీ లేదు."

ఆయన చేతిలో చాకు, మాస్టారి చేతిలో సంచి. ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరికీ కలిపి అరవై ఏళ్ల అనుభవం. ఒక ఆడపిల్లకు ఒక కుర్చీ వేయించలేక పెన్సిలు పొట్టు కేసి చూస్తూ ఉండిపోయారు.

దిగి వస్తుంటే నాలుగో గది దాటాలి. తలుపు మూసే ఉంది. లోపలి నుంచి రెండో వరస వినబడుతోంది. ఒకసారి, రెండుసార్లు, ఇరవైసార్లు. ప్రతిసారీ మూడో వేలి దగ్గర స్వరం ఉండాల్సిన చోటు దాటి పైకి జరుగుతోంది. అన్నంలో రాయి తగిలినట్టు మాస్టారి దవడ బిగుసుకుంది. తలుపు మీద చెయ్యి వేశారు. తోయలేకపోయారు.

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. భార్య గుమ్మంలోనే ఎదురై, "ఏవండీ, అమ్మాయికి కుర్చీ వచ్చిన మర్నాడు కూడా ఆ మొహమేనా? నవ్వితే కళ్లజోడు పగులుతుందా?" అంది. మాస్టారు కాళ్లు కడుక్కుని దేవుడి పటం ముందు నిలబడ్డారు. రోజూ అడిగేవి రెండు మూడు ఉంటాయి, ఇవాళ ఏది అడగాలో తెలియలేదు. చేతులు జోడించి, దించి, వచ్చి కూర్చున్నారు.

చిట్టి అప్పటికే వచ్చి వంటింటి గడప మీద కూర్చుని బఠాణీలు వలుస్తోంది. వలిచినవాటిలో సగం నోట్లోకే.

"ఇరవై రెండు మంచి నంబరేనే. నేనప్పుడే అనుకున్నా" అంది తల్లి.

"నంబరు సంగతి వదిలెయ్యమ్మా, కొంచెంలో పోయింది. ఆవేళ నేను తీగ మీటలేదు తెలుసా?"

"అదేమిటే? అది లేకుండా నువ్వు మొదలుపెట్టవుగా!"

"మీటితే నాన్న టక్కున పోల్చుకుంటాడు. మిగతావాళ్లకి అన్యాయం కదా. అందుకని ఒట్టు పెట్టుకుని మీటలేదు. దాంతో చెయ్యి వణికి మొదట్లోనే రెండు చోట్ల తడబడ్డాను. అయినా దేవుడి దయ." ఇంకో బఠాణీ నోట్లో వేసుకుంది. "చూశావా నాన్నా, ఎంత నిజాయితీపరురాల్నో!"

కూతురు న్యాయం కోసం ఒక తీగను ముట్టుకోకుండా ఊరుకుంది. తండ్రి న్యాయం కోసం అయిదు మార్కులు కోశాడు. ఇద్దరూ చిత్తశుద్ధితోనే చేశారు. ఇద్దరి మధ్యా పడి నలిగింది మూడో మనిషి. పైవాడు ఇద్దరి మొరా విన్నాడనుకోవాలా, ఎవరి మొరా వినలేదనుకోవాలా?

"సూదికే పిచ్చెక్కింది" అంది చిట్టి ఉన్నట్టుండి, గొంతు తగ్గించి. "మధ్యాహ్నం నుంచీ ఒకటే వరస వాయిస్తోంది. బంగారంలా పలికే మూడో వేలిని పైకి జరిపి అపస్వరం చేస్తోంది. ఇదేంటే అంటే తప్పు దిద్దుకుంటున్నా అంటుంది. ఎవరు చెప్పారే తప్పని, వాళ్ల చెవిలో కందిరీగలు దూర, అంటే చెప్పదు. ఒట్టేసిందట. కాగితం నిండా బాణాలు. పోట్లాడి వచ్చేశాను."

"పోనీలే, పెద్దవాళ్లెవరో చెప్పుంటారు" అంది తల్లి.

"పెద్దవాళ్లు చెబితే మాత్రం? నాన్నా, నీ టిఫిను డబ్బా ఏది? కడిగేస్తాను" అంటూ లేచి మాస్టారి సంచిలో చెయ్యి పెట్టింది. డబ్బాతో పాటు కాగితం వచ్చింది. ఆ గుండ్రటి అక్షరాలు చిట్టికి తన చేతి గీతల్లా తెలుసు. నిలబడి చివరి దాకా చదివింది.

"ఇది సూదిది. నీ దగ్గరికెలా వచ్చింది?"

"సంతకానికి."

"ఇవాళ పొద్దున్నా?"

మాస్టారు తలూపారు. చిట్టి ఫారం కేసి, తండ్రి కేసి, మళ్లీ ఫారం కేసి చూసింది. వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినబడింది.

"మూడో వేలు తప్పని చెప్పింది నువ్వా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు.

"నిన్నే నాన్నా. నువ్వేనా?"

"కొంచెం... తక్కువగా అనిపించింది."

"నీకా?" చిట్టి నవ్వలేదు, అరవలేదు. "వీధి చివర సైకిలు బెల్లు మోగితే అది ఏ స్వరమో చెప్పే మనిషివి. నీకా అనిపించింది?" గదిలోకి వెళ్లి తన వయొలిన్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. కమాను చేతికిచ్చింది. "వాయించు. రెండో వరస. మూడో వేలు ఎక్కడ పడాలో నాకు చూపించు. నువ్వు చెప్పిందే నిజమైతే రేపటి నుంచి నేనూ అలాగే వాయిస్తాను."

"ఇప్పుడెందుకే, అలిసిపోయి వచ్చారు" అని తల్లి ఏదో అనబోయింది. చిట్టి వినలేదు.

మాస్టారు వయొలిన్ భుజానికి ఎత్తుకున్నారు. తప్పదు. వేలు పైకి జరిపి వాయించాలి. ఒకే ఒక్క స్వరం, వెంట్రుకవాసి. వాయిస్తే గండం గడుస్తుంది. కూతురు నమ్ముతుంది, నమ్మకపోయినా ఊరుకుంటుంది. రేపు నాలుగు దాటుతుంది. ఆయన మనసంతా ఆ మూడో వేలి మీదే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంత జరపాలి, చెవిని ఎలా ఊరుకోబెట్టాలి. కమాను పైకి లేచింది.

బొటనవేలిని చూసుకోవాలని ఆయనకు తోచలేదు. నలభై ఏళ్ల అలవాటు ఎవరినీ అడగదు. అది దానంతటదే పక్కకు జరిగి, మంద్రం తీగను ఒక్కసారి, మెల్లగా మీటింది.

ఆ చిన్న మోత గదిలో నిలిచి, సన్నబడి, ఆగిపోయింది.

చిట్టి చూపు తండ్రి ముఖం మీది నుంచి ఆ బొటనవేలి మీదికి దిగింది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది. అది ఏదో వెతుక్కుంటున్నట్టు, ఒక్కొక్క మెట్టే దిగుతున్నట్టు ఉంది. చివరి మెట్టు దగ్గర దాని ముఖంలో రక్తం ఇంకిపోవడం మాస్టారు చూశారు.

"సూది నంబరు పదిహేడు" అంది మెల్లగా. "ఆ మీటడం దానికి నేర్పింది నేనే నాన్నా."

"చిట్టీ..."

"నేననుకున్నావు. నేననుకుని ఎక్కువ వెయ్యవు, నిన్నెరగనా?" ఫారం ఆయన కళ్ల ముందు పెట్టింది. "చెప్పు. ఎన్ని తగ్గించావు?"

మాస్టారి కమాను ఇంకా గాల్లోనే ఉంది.